బెల్లం, గంజి, పత్తి: మూడూ చక్కెరే. మరి మట్టికి ఏది ఎంత?



జీవామృతం మీద వీడియో పెట్టిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు తప్పకుండా వస్తున్నాయి. ఒకటి: "2 కిలోల బెల్లం బదులు 5 కిలోలు వేస్తే ఇంకా బాగా పనిచేస్తుందా?" రెండు: "బెల్లం రేటు మండిపోతోంది, పంచదార వేయొచ్చా?" మూడు: "పత్తి కట్టె దున్నేస్తే కుళ్లుతుందా, తగలబెట్టక తప్పదా?"

చూడ్డానికి ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. నిజానికి మూడింటికీ జవాబు ఒకచోటే ఉంది. బెల్లమైనా, పప్పుల పిండి అయినా, పత్తి కట్టె అయినా లోపల ఉండేది చాలావరకు చక్కెరే. ఆ చక్కెరను ఎలా ముడివేశారన్నదే తేడా. ముడి వదులుగా ఉంటే సూక్ష్మజీవి గంటల్లో తినేస్తుంది. బిగువుగా ఉంటే నెలలు పడుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే బెల్లం మీద ఎంత ఖర్చు పెట్టాలో, కట్టెకి అగ్గిపుల్ల గీయాలో వద్దో మీకే తెలుస్తుంది.

డిప్లొమాలో ఈ పాఠం చదివినప్పుడు అది పరీక్ష కోసం బట్టీ పట్టే పాఠం. పొలంలో దిగాక చూస్తే ఇది మన పెట్టుబడి లెక్క. వీలైనంత మన భాషలోనే చెబుతాను. వీడియోలో ప్రయోగాలు ఉన్నాయి, ఇక్కడ వివరం ఉంది. రెండూ కలిపి చూడండి.

ముందు ఒక్క పూస: గ్లూకోజ్

మన పొలంలో అసలైన చక్కెర మిల్లు ఆకు. గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు, వేరు నుంచి నీరు, పైనుంచి ఎండ. ఈ మూడింటితో ఆకు గ్లూకోజ్ తయారు చేస్తుంది. ఒక గ్లూకోజ్ అణువులో 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. హైడ్రోజన్, ఆక్సిజన్ 2కి 1 చొప్పున, అంటే నీళ్లలో ఉన్న పాళ్లలోనే ఉన్నాయి గమనించండి. కార్బన్‌కి నీళ్లు కలిసినట్టుంది కాబట్టే వీటికి కార్బోహైడ్రేట్ అని పేరు పెట్టారు. మనం పిండిపదార్థాలు అంటాం.

180 గ్రాముల గ్లూకోజ్ తయారు కావాలంటే ఆకు 264 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 108 గ్రాముల నీరు తీసుకుంటుంది, 192 గ్రాముల ఆక్సిజన్ బయటికి వదులుతుంది. ఇందులో యూరియా లేదు, డీఏపీ లేదు. చక్కెరకు కావాల్సిన ముడిసరుకంతా గాలి, నీరే. మిగతా పోషకాలు ఆ మిల్లు యంత్రాలకు కావాలి. పచ్చదనానికి నత్రజని, మెగ్నీషియం, చక్కెర రవాణాకి పొటాష్ వగైరా.

పగలు ఆకు చేసిన గ్లూకోజ్‌లో కొంత అక్కడే పిండిగా దాచుకుంటుంది. రాత్రి ఆ పిండిని విడగొట్టి, సుక్రోజ్ అనే చక్కెరగా మార్చి, కాండం గొట్టాల ద్వారా కాయకి, వేరుకి పంపుతుంది. అందుకే సాయంత్రం కోసిన ఆకులో పిండి ఎక్కువ, తెల్లవారుజామున కోసిన ఆకులో తక్కువ.

చక్కెర మండితే ఏమవుతుంది?

గ్లూకోజ్ అంటే దాచిపెట్టిన ఎండ. దాన్ని విడగొడితే ఆ శక్తి బయటికి వస్తుంది, బొగ్గుపులుసు వాయువు, నీరు మిగులుతాయి. ఆకు చేసిన పనికి సరిగ్గా తిరుగుడు.

దీనికి రుజువు మన మిరప కల్లంలోనే ఉంది. కోసిన పండుకాయలను రంగు రావడానికి ఒకటి రెండు రోజులు కుప్ప పోసి పట్టా కప్పుతాం కదా. ఆ కుప్పలో చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. పట్టా అడుగున నీటి చెమట కనిపిస్తుంది. కాయ చెట్టు నుంచి తెగినా ఇంకా బతికే ఉంది. తనలోని చక్కెరను మండించుకుంటూ ఊపిరి తీస్తోంది. ఆ వేడి, ఆ చెమటలో కొంత అక్కడి నుంచి వచ్చిందే. కుప్పను ఎక్కువ రోజులు ఉంచితే కాయ బరువు తగ్గుతుంది, ఆ తడికి బూజు పడుతుంది, యార్డులో తాలు కింద పోతుంది.

ఈ శక్తి నేరుగా వాడుకోవడానికి కుదరదు. ప్రతి జీవకణం దాన్ని ఏటీపీ అనే చిల్లర నోట్లుగా మార్చుకుంటుంది. ఆ ఏటీపీని కండరాల్లో గుర్తించిన వాళ్లలో మన తెలుగువాడు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించి, 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. మిరపకాయ కణంలో, మన కండరంలో, జీవామృతం డ్రమ్ములోని బ్యాక్టీరియాలో ఇదే చిల్లర నడుస్తుంది.

రెండు పూసలు: బెల్లం

గ్లూకోజ్ లాంటిదే ఫ్రక్టోజ్. పరమాణువుల లెక్క ఒకటే, అమరిక వేరు. పండ్లలో, తేనెలో ఉంటుంది. ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చేతులు కలిపితే సుక్రోజ్. చెరుకు రసంలో, తాటి నీరాలో, పంచదారలో ఉండేది ఇదే. చేతులు కలిపేటప్పుడు ఒక నీటి అణువు బయటికి పోతుంది. మళ్లీ విడిపోవాలంటే ఒక నీటి అణువు కావాలి. అందుకే 342 గ్రాముల సుక్రోజ్‌కి 18 గ్రాముల నీరు చేరితే 360 గ్రాముల విడి చక్కెరలు వస్తాయి.

ఈ విడిపోవడాన్ని మీరు వానాకాలంలో ఇంట్లోనే చూస్తారు. బెల్లం అచ్చు చెమ్మగిల్లి కారిపోతుంది. కారణం అందులోని విడి చక్కెరలు. రసంలో పులుపు ఉన్నా, చెరుకు నరికాక ఆలస్యంగా ఆడినా సుక్రోజ్ విడిపోయి అవి పెరుగుతాయి. ఫ్రక్టోజ్ గాలిలో తేమను బాగా లాగుతుంది. బెల్లం వండేవాళ్లు రసంలో కాస్త సున్నం వేసేది మడ్డి తేలడానికి, పులుపు విరగడానికి కూడా. తాటి నీరా తీసేవాళ్లు కుండ లోపల సున్నం పూసేది కూడా పులియకుండా ఉండాలనే. సున్నం లేని కుండలో అదే నీరా మధ్యాహ్నానికి కల్లు అవుతుంది. ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఇంకా ఉంచితే పులుపెక్కుతుంది.

ఇప్పుడు పంచదార ప్రశ్న. పంచదార దాదాపు మొత్తం సుక్రోజ్. బెల్లంలో సుక్రోజ్ ఎక్కువ భాగం, కొంత విడి గ్లూకోజ్, ఫ్రక్టోజ్, కొంత తేమ, వీటితో పాటు పొటాషియం, కాల్షియం, ఇనుము లాంటి ఖనిజాలు కొద్దిగా. సూక్ష్మజీవి కూడా ప్రాణే. ఒట్టి చక్కెర కన్నా ఉప్పూ కారం ఉన్న భోజనం దానికి మంచిది. కానీ పేడ, మూత్రం, పిండి కలిసిన డ్రమ్ములో ఆ ఖనిజాలు ఎలాగూ ఉంటాయి. కాబట్టి నా మాట ఇది: బెల్లమే వాడండి, దొరకని రోజు పంచదార వేసినంత మాత్రాన డ్రమ్ము పాడైపోదు.

అయితే బెల్లం కొనేటప్పుడు పచ్చగా మెరిసిపోయే అచ్చు వెతక్కండి. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే మందుతో తెచ్చింది. నల్లగా, మెత్తగా, కారిపోతున్న బెల్లం తినడానికి ఎవరూ కొనరు, రేటు తక్కువ. సూక్ష్మజీవులకు మాత్రం అదే సుళువు, ఎందుకంటే అందులో చక్కెర అప్పటికే కొంత విడిపోయి ఉంది. ఒక జాగ్రత్త: నల్లబెల్లం ఎక్కువ మొత్తంలో తెచ్చేటప్పుడు బిల్లు దగ్గర పెట్టుకోండి. ఈస్ట్‌కి కూడా అదే ఇష్టం అన్న సంగతి ఎక్సైజ్ వాళ్లకూ తెలుసు.

వేల పూసలు: గంజి ఒక దండ, పత్తి ఒక దండ

గ్లూకోజ్ పూసలను వందలు, వేలుగా గుచ్చితే దండ అవుతుంది. ఇక్కడే అసలు మలుపు.

పూసలన్నీ ఒకే వైపు తిరిగి ఉండేలా గుచ్చితే దండ స్ప్రింగులా మెలి తిరుగుతుంది. అది పిండి, అంటే స్టార్చ్. బియ్యం, జొన్న, బంగాళదుంప, శనగపిండి అన్నింట్లో ఉంటుంది. మెలికల మధ్య సందు ఉంటుంది, నీరు దూరుతుంది, ఉడికిస్తే గంజి అవుతుంది.

అవే పూసలను ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా తిప్పుతూ గుచ్చితే దండ తిన్నగా కర్రలా నిలబడుతుంది. ఇలాంటి తిన్నని దండలు పక్కపక్కన చేరి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే అది సెల్యులోజ్. నీటిలో కరగదు, ఉడికించినా మెత్తబడదు. 1838లో ఫ్రాన్స్‌లో ఆన్సెల్మ్ పాయెన్ దీన్ని మొక్కల నుంచి విడదీసి చూపించాడు.

ప్రపంచంలో ఇంచుమించు స్వచ్ఛమైన సెల్యులోజ్ చూడాలంటే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మన పత్తి కాయ విప్పితే చాలు. దూదిలో 90 శాతం పైచిలుకు అదే. ఒక్కో పోగు ఒక్కటే కణం. పువ్వు పూసిన రోజు నుంచి సుమారు మూడు వారాలు పొడవు సాగుతుంది. ఆ తర్వాత లోపలివైపు పొర మీద పొరగా సెల్యులోజ్ పేరుకుంటుంది. క్వింటా పత్తి తీస్తే గింజ పోను 34 కిలోల అటూ ఇటూ దూది వస్తుంది. అంటే 30 కిలోలకు పైగా గ్లూకోజ్ పూసలు ఆకు నుంచి కాయకి నడిచి వచ్చాయన్నమాట. కాయ ఊరే రోజుల్లో పచ్చదోమకో, ఎర్రబారడానికో ఆకు పోతే పోగు పలచబడి తూకం ఎందుకు తగ్గుతుందో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

ఇంట్లో చేసే పరీక్ష: మందుల షాపులో దొరికే బీటాడిన్ కొన్ని చుక్కలు అరగ్లాసు నీళ్లలో కలపండి. ఆ నీటిని,

– అన్నం గంజి మీద వేస్తే నీలం నలుపు.
– కోసిన బంగాళదుంప మీద వేస్తే నీలం నలుపు.
– బెల్లం నీళ్లలో వేస్తే నీలం రాదు.
– దూది మీద వేస్తే గోధుమ రంగు మరకే, నీలం రాదు.

దూది మందుల షాపుదే వాడండి. చేను నుంచి తెచ్చిన పత్తి మీద సన్నని మైనం పూత ఉంటుంది, చుక్క ఇంకకుండా జారిపోతుంది.

నీలం ఎందుకొస్తుందంటే, పిండి దండ మెలికల్లోకి అయొడిన్ దూరి కూర్చుంటుంది. తిన్నగా ఉన్న సెల్యులోజ్‌లో దూరే చోటు లేదు. రెండు పూసలే ఉన్న బెల్లంలో అసలు మెలికే లేదు. ఇప్పుడు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పాత పంచె అంచు మీద ఒక చుక్క వేయండి. నీలం! అది పత్తి రంగు కాదు, గంజి రంగు. గంజి పత్తి గుడ్డకి అంత బాగా పట్టేది కూడా ఇద్దరూ ఒకే పూస బంధువులు కాబట్టే.

ఈ ముడులు ఎవరు విప్పుతారు?

ప్రతి ముడికి దాని తాళంచెవి ఉంది. దాన్ని ఎంజైమ్ అంటారు. పిండి ముడి విప్పే తాళంచెవి మన లాలాజలంలోనే ఉంది. అన్నం ముద్ద ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. సెల్యులోజ్ ముడి విప్పే చెవి మనిషికి లేదు. ఆవుకీ లేదు! ఆవు మొదటి పొట్టలో కాపురం ఉండే సూక్ష్మజీవులకు ఉంది. గడ్డి తినేది ఆవు, అరిగించేది అవి.

మట్టిలో ఆ చెవి ఎక్కువగా బూజు జాతి శిలీంధ్రాల దగ్గర ఉంటుంది. దీనికి పత్తితో ముడిపడిన ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం పత్తి గుడ్డతో చేసిన గుడారాలు, సామాను కుళ్లి చిరిగిపోసాగాయి. ఎవరు తింటున్నారా అని వెతికితే ఆ గుడ్డ మీద ఒక బూజు దొరికింది. తర్వాత దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. ఇవాళ సెల్యులోజ్‌ను కరిగించే ఎంజైములను పరిశ్రమల కోసం దాని నుంచే తీస్తున్నారు. మనం మిరపలో నారుకుళ్లు, వేరుకుళ్లు రాకుండా పశువుల ఎరువు, వేపపిండిలో కలిపి చల్లే ట్రైకోడెర్మా విరిడె దాని అన్నదమ్ముల వరసే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. దగ్గర్లో గ్లూకోజ్ సమృద్ధిగా ఉంటే ఈ శిలీంధ్రాలు సెల్యులోజ్ తాళంచెవి తయారు చేయడం తగ్గించేస్తాయి. విస్తట్లో పాయసం ఉంటే సంకటి వైపు ఎవరు చూస్తారు? కాబట్టి కట్టె మీద బెల్లం నీళ్లు కుమ్మరిస్తే కట్టె తొందరగా కుళ్లుతుందనుకోవద్దు. ముందు బెల్లమే ఖాళీ అవుతుంది.

డ్రమ్ములో ఏం జరుగుతోంది?

మనందరికీ తెలిసిన పాళ్లు: 200 లీటర్ల నీరు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. 48 గంటలు నీడలో.

బెల్లం మొదటి రోజు తిండి. సుక్రోజ్ విడిపోవడం, గ్లూకోజ్ లోపలికి పోవడం గంటల్లో మొదలవుతుంది. పైన వచ్చే నురగ బొగ్గుపులుసు వాయువు. పిండిలోని స్టార్చ్ రెండో విడత తిండి, కాస్త ఆలస్యంగా అందుతుంది. పేడలోని పీచు ఆ రెండు రోజుల్లో పెద్దగా కదలదు, అది పొలంలో తేలాల్సిందే.

మరి పప్పుల పిండే ఎందుకు, బియ్యప్పిండి ఎందుకు కాదు? శక్తి ఒక్కటే ఉంటే సూక్ష్మజీవి పిల్లల్ని పెట్టలేదు. ఒళ్లు కట్టుకోవడానికి మాంసకృత్తులు, అంటే నత్రజని కావాలి. పప్పుల్లో మాంసకృత్తులు 22 శాతం అటూ ఇటూ. 2 కిలోల పిండిలో 440 గ్రాములు, అంటే సుమారు 70 గ్రాముల నత్రజని. 2 కిలోల బెల్లంలో కార్బన్ సుమారు 650 గ్రాములు, పిండిలో 800 గ్రాముల పైన. మొత్తం కార్బన్‌ని నత్రజనితో భాగిస్తే 20కి 1 దగ్గర నిలుస్తుంది. మూత్రంలోని నత్రజని కలిస్తే ఇంకా తగ్గుతుంది. సూక్ష్మజీవులకు సరిపోయే పాళ్లు ఇవే.

ఇక 5 కిలోల బెల్లం సంగతి. ఇక్కడ అడ్డం పడేది ఆక్సిజన్. మన ఎండలకు లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ 7, 8 మిల్లీగ్రాములు. 200 లీటర్ల డ్రమ్ములో కలిపి ఒకటిన్నర గ్రాము! ఒక గ్రాము గ్లూకోజ్ పూర్తిగా మండాలంటే ఒక గ్రాము పైచిలుకు ఆక్సిజన్ కావాలి. 2 కిలోల బెల్లంలోనే కిలోన్నర పైన చక్కెర ఉంది. అంటే నీటిలో ఉన్నదానికి వెయ్యి రెట్లు కావాలి. అందుకే రోజుకి రెండుసార్లు కర్రతో తిప్పమనేది. అందుకే గట్టి మూత వద్దు, గోనె కప్పండి అనేది. తిప్పుతున్నా కొంత పులియబెట్టే సూక్ష్మజీవుల చేతికే పోతుంది. 5 కిలోలు వేస్తే వాటిదే రాజ్యం: కల్లు వాసన, తర్వాత పుల్లటి వాసన, చివరికి కుళ్లు వాసన. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ రకం జీవామృతం చేసుకున్నట్టు.

48 గంటల తర్వాత ఎన్నాళ్లు ఉంచొచ్చు అని కూడా అడుగుతారు. చక్కెర అయిపోయాక సంఖ్య పెరగదు, తగ్గుతూ వస్తుంది. ఎండాకాలం ఇంకా తొందరగా. వారం లోపు పొలానికి పోయేలా చూసుకోండి.

ఇక్కడ ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి. చేపల కషాయానికి చేపలతో సమానంగా బెల్లం వేస్తాం కదా, అక్కడ ఎందుకు కుళ్లదు? అంత చిక్కటి చక్కెర సూక్ష్మజీవి ఒంట్లోని నీటిని బయటికి లాగేస్తుంది. మామిడి తాండ్ర, తేనె నిలవ ఉండేది ఇందుకే. 1 శాతం బెల్లం తిండి, 50 శాతం బెల్లం కాపలా. ఒకటే సరుకు, మోతాదు మారితే పని తిరగబడుతుంది.

ఇప్పుడు ఎకరం లెక్క

ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కార్బన్ 0.5 శాతం అని ఉంటే నాలుగున్నర టన్నుల కార్బన్ ఉందని అర్థం. ఒక డ్రమ్ము బెల్లం నుంచి అందులోకి చేరేది 650 గ్రాములు. అందులోనూ ఎక్కువ భాగం రెండు రోజుల్లో గాలిలో కలిసిపోతుంది.

కాబట్టి బెల్లంతో మట్టికి కార్బన్ పెంచలేం. జీవామృతం తోడు లాంటిది. చెంచాడు మజ్జిగ తోడు వేస్తే గిన్నెడు పాలు పెరుగవుతాయి, పాలే లేకపోతే తోడు ఎంత వేసి ఏం లాభం? మన పొలంలో ఆ పాలు ఏవి? రెండు ఉన్నాయి: కట్టె, వేరు.

పత్తి కట్టె ఎకరాకు టన్ను అటూ ఇటూ వస్తుంది. ఎండు కట్టెలో 45 శాతం వరకు కార్బన్. అంటే సుమారు 450 కిలోలు. బెల్లం డ్రమ్ములతో తూచితే దాదాపు 700 డ్రమ్ములు. మార్చిలో చిలకలూరిపేట నుంచి పర్చూరు, ఇంకొల్లు వైపు పొద్దుగూకేటప్పుడు బండి మీద వస్తుంటే రెండు పక్కలా పొగ కనిపిస్తుంది. ఆ పొగలో పోయేది ఈ 450 కిలోలే. నత్రజని కూడా చాలావరకు దాంతోనే పోతుంది. బూడిదలో పొటాష్, సున్నం లాంటివి మిగులుతాయి, అంతే.

అయితే కట్టె అలాగే దున్నేయొచ్చా?

వద్దు. మూడు కారణాలు.

ఒకటి, కట్టెలో సెల్యులోజ్ ఒంటరిగా లేదు. దాని చుట్టూ లిగ్నిన్ అనే పదార్థం సిమెంటులా పట్టి ఉంటుంది. ఇది చక్కెర కాదు, దీన్ని విప్పే చెవి చాలా కొద్ది శిలీంధ్రాలకే ఉంది. దూది కుళ్లినంత తేలిగ్గా కట్టె కుళ్లదు.

రెండు, నత్రజని. 450 కిలోల కార్బన్‌లో సూక్ష్మజీవులు సుమారు మూడో వంతు ఒంటికి పట్టించుకుంటాయి, మిగతాది ఊపిరిగా వదిలేస్తాయి. 150 కిలోల కార్బన్‌తో ఒళ్లు కట్టాలంటే 15 కిలోల పైన నత్రజని కావాలి. కట్టెలో అంత లేదు. తక్కువ పడ్డది మట్టిలోంచి లాక్కుంటాయి. కట్టె దున్నిన వెంటనే వేసిన పైరు పచ్చదనం లేక వెలవెలబోయేది ఇందుకే. ఆ నత్రజని ఎక్కడికీ పోలేదు, అప్పుగా పోయింది. కుళ్లడం పూర్తయ్యాక తిరిగి వస్తుంది, కానీ మీ పైరు అప్పటిదాకా ఆగదు.

మూడు, గులాబీ రంగు పురుగు. కట్టెకి మిగిలిన గుడ్డి కాయల్లో అది కాపురం ఉంటుంది. పంట ఐపోయాక కట్టెను గట్టు మీద పేర్చి నెలల తరబడి ఉంచితే వచ్చే ఏటికి మనమే పురుగును సాకినట్టు.

చేయాల్సింది ఇది:

– ఆఖరి తీత కాగానే మేకల్ని, గొర్రెల్ని తోలి మిగిలిన కాయలు, ఆకు మేపించండి.
– ష్రెడ్డర్‌తో కట్టెను చిన్న ముక్కలు చేయండి. ముక్క ఎంత చిన్నదైతే శిలీంధ్రానికి అంత ఎక్కువ గోడ దొరుకుతుంది.
– ముక్కల మీద ఘన జీవామృతం లేదా పశువుల ఎరువు చల్లండి. అది తెచ్చే నత్రజనే అప్పు తీరుస్తుంది. ఉంటే ట్రైకోడెర్మా కలపండి.
– తడి ఉండాలి. ఎండు కట్టె మీద ఏం చల్లినా దండగ. నీటి వసతి లేకపోతే ముక్కల్ని మల్చింగ్‌గా పైనే పరచి తొలకరి దాకా వదిలేయండి.
– తర్వాత వేసే విత్తనాల్లో పెసర, అలసంద, జనుము, పిల్లిపెసర లాంటి పప్పు జాతి ఉండేలా చూడండి. గాలిలోని నత్రజనిని తెచ్చే బుడిపెలు వాటికి ఉన్నాయి.

ఎండు తెగులు సోకిన మిరప మొక్కల్ని మాత్రం ఇందులో కలపొద్దు. వాటిని పొలం బయటికి తీసేయాల్సిందే.

వేరు: ఎవరూ లెక్కలో వేయని చక్కెర

బతికున్న మొక్క తను చేసిన చక్కెరలో కొంత వేరు ద్వారా మట్టిలోకి వదులుతుంది. వేరు చుట్టూ ఉన్న సూక్ష్మజీవులకు అదే రోజువారీ కూలి. ధాన్యపు పంటల మీద చేసిన కొలతల్లో ఆకు పట్టిన కార్బన్‌లో 20 నుంచి 30 శాతం నేల కిందికి పోతున్నట్టు తేలింది, వేళ్ల పెరుగుదలతో కలిపి. ఏ డ్రమ్ము, ఏ బస్తా ఇంత సరఫరా చేయలేవు. అదీ రోజూ, కొంచెం కొంచెంగా, సరిగ్గా కావాల్సిన చోట.

రైతు సాధికార సంస్థ వాళ్లు 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో 365 రోజులు నేల మీద పచ్చదనం ఉండాలని, వేసవిలోనే నవధాన్యాలు చల్లి పీఎండీఎస్ చేయమని పట్టుబట్టేది ఇందుకే. మన నల్లరేగడిలో పత్తి తీశాక ఆగస్టు దాకా నేల ఖాళీగా ఎండితే, సూక్ష్మజీవులకు అన్ని నెలలూ కూలి లేదు. తర్వాత మనం 2 కిలోల బెల్లంతో వెళ్లి పలకరిస్తాం.

ఆకు మీద జిగట కనిపిస్తే

చివరిగా చక్కెర వల్ల వచ్చే నష్టం. పేనుబంక, తెల్లదోమ ఆకు గొట్టాల్లోంచి రసం పీలుస్తాయి. ఆ రసంలో సుక్రోజ్ ఎక్కువ, వాటికి కావాల్సిన నత్రజని తక్కువ. కాబట్టి ఎక్కువ పీల్చి, మిగిలిన చక్కెరను జిగటగా వదిలేస్తాయి. దాని మీద నల్లటి మసి బూజు పెరిగి ఆకుకి ఎండ తగలకుండా చేస్తుంది. విచ్చిన పత్తి మీద ఆ జిగట పడితే మిల్లులో దూది రోలర్లకు అతుక్కుంటుంది, రేటు కోస్తారు.

చెట్టు మీద చీమలు బారులు తీరితే ఆకు తిప్పి అడుగున చూడండి. అవి చక్కెర కోసమే వచ్చాయి. నత్రజని అతిగా వేసిన చేనులో ఈ పురుగులు ఇంకా తొందరగా పెరుగుతాయి. ఎందుకంటే వాటికి కొరతగా ఉన్నది మనమే తెచ్చి పెట్టాం.

మూడు ప్రశ్నలకు మూడు ముక్కలు

– బెల్లం 2 కిలోలు చాలు. 5 కిలోలు వేస్తే డ్రమ్ములో గాలి చాలదు. మిగిలే డబ్బు పెట్టి నవధాన్యాల విత్తనం కొనండి.
– నల్లబెల్లం, కారిపోయిన బెల్లం బాగా పనికొస్తుంది. పంచదార అత్యవసరానికి మాత్రమే.
– కట్టె తగలబెట్టొద్దు, అలాగే దున్నొద్దు. ముక్కలు చేసి, ఎరువు, తడి తోడు చేసి, తొలకరి దాకా టైమివ్వండి.

బెల్లం ఈ రోజు తిండి, పిండి రేపటి తిండి, కట్టె వచ్చే ఏటి తిండి. వేరు ఇచ్చేది మాత్రం ప్రతిరోజూ తిండి. మన జేబులోంచి పోయేది మొదటి రెండింటికే, మట్టి నిలబడేది చివరి రెండింటి మీద.

బీటాడిన్ పరీక్ష పిల్లలతో చేయించి ఫొటో పెట్టండి. మీ చేను కార్డులో సేంద్రియ కార్బన్ ఎంత ఉందో, కట్టెను ఈ ఏడు ఏం చేశారో కింద రాయండి. వచ్చే వీడియోలో ష్రెడ్డర్ అద్దె, కూలి, డీజిల్ ఖర్చులతో ఎకరం లెక్క వేసి చూద్దాం. ఉంటానండి.